సిమ్యులేటర్ మీద చెయ్యి తిరగాలంటే: కంటి సర్జన్ల తర్ఫీదుకు ఒక పని పద్ధతి

ఉత్తర తెలంగాణలో శుక్లం ఆపరేషన్‌కు వచ్చేవాళ్లలో చాలామంది చూపు పూర్తిగా మసకబారేదాకా ఆగే వస్తారు. పత్తి ఏరడం అయిపోవాలి, మిర్చి ఏనుమాముల మార్కెట్‌కు చేరాలి, ఆ తర్వాత గుర్తొస్తుంది కన్ను. అప్పటికి శుక్లం పాలలా తెల్లబడి ఉంటుంది, లేదంటే బెల్లం రంగుకు తిరిగి రాయిలా గట్టిపడి ఉంటుంది. కొత్తగా చెయ్యి పెట్టే పీజీకి ఇంతకన్నా కష్టమైన మొదటి కేసు ఉండదు. మెత్తటి శుక్లాల మీద నిదానంగా నేర్చుకునే వెసులుబాటు తక్కువ కాబట్టి, మొదటి వంద తప్పులు సిమ్యులేటర్ (నిజం కన్ను లేకుండా ఆపరేషన్ సాధన చేయించే యంత్రం) మీదే జరిగిపోవాలి.

దీనివల్ల ఫలితం ఉందా అని అడిగే సీనియర్లకు రెండు లెక్కలు చూపించొచ్చు. బ్రిటన్ రికార్డుల్లో మొదటి రెండేళ్ల ట్రైనీల చేతిలో వెనక క్యాప్సూల్ (కంటి లెన్సును చుట్టి ఉండే పలుచటి సంచిలో వెనక పొర) చిరగడం 2009లో 4.2 శాతం, 2015లో 2.6 శాతం. సిమ్యులేటర్లు అక్కడి శిక్షణ కేంద్రాల్లోకి విస్తరించింది ఆ ఏళ్లలోనే. డెన్మార్క్‌లో 2017లో అచ్చయిన పరిశోధనలో, సిమ్యులేటర్ మీద నిర్ణీత స్కోరు వచ్చేదాకా సాధన చేసిన కొత్తవాళ్ల ఓటీ (ఆపరేషన్ థియేటర్) పనితనం 32 శాతం మెరుగైంది. ఇక్కడ గమనించాల్సింది "నిర్ణీత స్కోరు వచ్చేదాకా" అన్న మాట. ఇన్ని గంటలు కూర్చున్నాం అని రిజిస్టర్‌లో సంతకం పెట్టడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

ముందు యంత్రం సంగతి

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) అనే పేరుతో మూడు వేర్వేరు వస్తువులు తిరుగుతున్నాయి. మొదటిది మైక్రోస్కోపు రకం. జర్మనీలోని మాన్‌హైమ్‌లో పుట్టిన ఐసీ ఇందులో అందరికీ తెలిసినది. ప్లాస్టిక్ ముఖం, అందులో కదిలే కన్ను, పైన మైక్రోస్కోపులో చూసినట్టే లోతు కనిపించే తెరలు, కింద రెండు పెడళ్లు. పనిముట్టు కొన ఎక్కడుందో కెమెరాలు కనిపెడతాయి, తెర మీద అది ఫోర్సెప్స్‌గానో ఫేకో (అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని పగలగొట్టి పీల్చే పద్ధతి) హ్యాండ్‌పీస్‌గానో కనిపిస్తుంది. కొన క్యాప్సూల్‌కు తగిలినా వేలికి ఏమీ తెలియదు, అంతా కంటితోనే పసిగట్టాలి. రెండోది చేతికి ఒరిపిడి, బరువు తెలిసే హ్యాప్టిక్ రకం. హెల్ప్‌మీసీ సంస్థ ఎస్ఐసీఎస్ (అల్ట్రాసౌండ్ లేకుండా చిన్న కోతలోంచి చేత్తో శుక్లం తీసే ఆపరేషన్) కోసమే తయారు చేయించిన సిమ్యులేటర్ ఈ రకానిది. మూడోది తలకు తగిలించుకునే హెడ్‌సెట్. ఆపరేషన్ వరుస, ట్రాలీ మీద ఏది ఎప్పుడు అందుకోవాలి అన్నవి బుర్రకెక్కడానికి ఇది చాలు. మైక్రోస్కోపు కింద క్యాప్సూల్ ముందు పొరలో 5 మి.మీ. వృత్తం చింపడం మాత్రం గాల్లో కంట్రోలర్ ఊపితే రాదు. నాలుగు హెడ్‌సెట్లు కొని గుమ్మానికి సిమ్యులేషన్ ల్యాబ్ అని బోర్డు పెట్టే బదులు, ఆ డబ్బుతో వెట్ ల్యాబ్ (జంతువుల కళ్ల మీద సాధన చేసే గది)కు ఒక పాత మైక్రోస్కోపు తెచ్చుకోవడం మేలు.

గది చిన్నదైనా ఫరవాలేదు. కిటికీ వెలుతురు యంత్రం మీద పడకూడదు, ఏసీ ఉండాలి. పత్తి సీజన్‌లో నూగు, రామగుండం, మంచిర్యాల దిక్కైతే బొగ్గు పొడి పనిముట్ల కొనల మీద పేరుకుంటాయి. అప్పుడు తెర మీద కొన ఉన్నట్టుండి గెంతుతుంది, ట్రైనీ తన చెయ్యి వణికిందనుకుంటాడు. పొద్దున మొదటి సెషన్‌కు ముందు పొడి మైక్రోఫైబర్ గుడ్డతో కొనలు తుడవండి. స్పిరిట్, శానిటైజర్ వద్దు, కొనల మీద రంగు గుర్తులుంటే చెరిగిపోతాయి. కరెంటుకు ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టండి. యంత్రం మీద రాసిన వాట్లకు కనీసం రెండింతలు తట్టుకునేది తీసుకుంటే, కరెంటు పోయినా సెషన్ ముగించి సరిగా ఆపేంత సమయం దొరుకుతుంది. వేసవిలో ఏసీ లేకుండా నడిపితే కంప్యూటర్ వేడెక్కి బొమ్మ వెనకబడుతుంది. చెయ్యి కదిలాక బొమ్మ కదిలితే ఆ సాధన వృథానే కాదు, చెడు అలవాటు కూడా.

ఎవరి లాగిన్ వాళ్లదే. ఓటీ అయ్యాక సరదాగా వచ్చిన సీనియర్ జూనియర్ లాగిన్‌లో ఆడి 95 కొట్టి పోతే, ఆ జూనియర్ రికార్డు మొత్తం పనికిరాకుండా పోతుంది. అన్ని చోట్లా జరిగేదే ఇది.

కూర్చోవడం, చూడటం

స్కోరు రానివాళ్లలో సగం మందికి రోగం ఇక్కడే ఉంటుంది. వరుస తప్పొద్దు: ముందు కుర్చీ, తర్వాత పెడళ్లు, తర్వాత ప్లాస్టిక్ తల ఎత్తు, చివరికి ఐపీస్.

పాదాలు రెండూ పెడళ్ల మీద ఆనాక మోకాలు సుమారు 90 డిగ్రీలు వంగాలి, తొడ కింద కుర్చీ అంచు ఒత్తుకోకూడదు. మోచేతులు పక్కటెముకల పక్కన వేలాడాలి. మణికట్టు, చిటికెనవేలు ప్లాస్టిక్ నుదురు మీద ఆనాలి. అప్పటికీ భుజాలు పైకి లేస్తున్నాయంటే తల ఎత్తు ఎక్కువైందన్నమాట. మెడ వంచి ఐపీస్‌లోకి చూడొద్దు, ఐపీస్‌నే కంటి దగ్గరికి తెచ్చుకోవాలి. ఓటీ చెప్పులతోనే కూర్చోండి, బూట్లతో నేర్చిన పాదం చెప్పుల్లో తడబడుతుంది.

ఐపీస్‌లో పీడీ (రెండు కంటిపాపల మధ్య దూరం) సర్దేటప్పుడు ఒక్కొక్క కన్ను మూసి చూడండి. రెండు కళ్లకూ పూర్తి గుండ్రటి ఫీల్డ్ కనిపించాలి, రెండూ కలిసి ఒకే వృత్తం కావాలి. పెద్దవాళ్లలో పీడీ ఎక్కువగా 58 నుంచి 68 మి.మీ. మధ్య ఉంటుంది. మీది ఒకసారి కొలిచి లాగిన్ పేరు పక్కన రాసుకుంటే రోజూ వెతుక్కోనక్కర్లేదు. దూరపు చూపుకు అద్దాలు పెట్టుకునేవాళ్లు పెట్టుకునే చేయాలి. చేరిన మొదటి వారమే స్టీరియోప్సిస్ (రెండు కళ్లతో లోతు పసిగట్టే శక్తి) పరీక్ష కూడా చేయించుకోండి. లోతు తెలియనివాళ్లకు స్కోరు ఎందుకు రావడం లేదో ఆరు నెలల తర్వాత తెలియడం కన్నా అప్పుడే తెలియడం నయం.

పాదాలకు మొదటి వారం

సాధారణంగా కుడి పాదం ఫేకోకు, ఎడమ పాదం మైక్రోస్కోపుకు. మీ ఓటీలో తిరగేసి ఉంటే ఇక్కడా తిరగేయండి. ఫేకో పెడల్‌లో 0 అంటే ఏమీ లేదు, 1లో నీళ్లు, 2లో నీళ్లతో పాటు పీల్చడం, 3లో వాటికి తోడు అల్ట్రాసౌండ్. ఈ నాలుగు మెట్లూ పాదానికి తెలియాలి, తలకు తెలిసి లాభం లేదు. పక్కన ఒకరు కూర్చుని "ఒకటి, రెండు, ఒకటి, మూడు, ఒకటి" అంటూ అంకెలు చెబుతుంటే, కిందికి చూడకుండా ఇరవైసార్లు తప్పు లేకుండా రావాలి. ఘాట్ రోడ్డు మీద కారు క్లచ్ సగంలో నిలిపినట్టు 2 దగ్గర పాదం నిలవాలి.

భయం వేస్తే కొత్తవాళ్లు పాదం పూర్తిగా ఎత్తేస్తారు. అదే ప్రమాదం. 0కు పోగానే నీళ్లు ఆగి చాంబర్ (కంటి ముందు భాగంలో ద్రవం నిండిన గది) కూలుతుంది, వెనక క్యాప్సూల్ ఎగిరొచ్చి కొన మీద పడుతుంది. కొన కంట్లో ఉన్నంతసేపూ భయం వేస్తే రావాల్సింది 1కి. బయటికి తీసేటప్పుడు కూడా ముందు సైడ్ పోర్టు (పక్కన పెట్టిన చిన్న కోత) నుంచి విస్కో (చాంబర్‌ను నిలిపే జెల్లీ) ఎక్కించి, ఆ తర్వాతే హ్యాండ్‌పీస్ తీయాలి.

ఎడమ పాదానికి ఒకే నియమం: చెయ్యి ఎటు పోతే ఫోకస్, ఎక్స్‌వై (మైక్రోస్కోపును అటూ ఇటూ జరపడం) అటు వెంట పోవాలి. జూమ్ మాత్రం మాటిమాటికీ మార్చొద్దు.

నావిగేషన్, యాంటీ ట్రెమర్, ఫోర్సెప్స్, బైమాన్యువల్ అనే తొలి పాఠాలకు మూడు నాలుగు సెషన్లు చాలు. వీటిలో నేర్చుకోవాల్సింది నిజానికి ఒక్కటే, ఇన్సిషన్ (కోత) దగ్గర ఇరుసు. పనిముట్టును తెడ్డులా చూడండి. పడవ అంచుకు ఆనిన చోట తెడ్డు జరగదు, ఇటు చెయ్యి అటు పోతే అటు కొన ఇటు వస్తుంది. ఆనిన చోటునే జరిపితే కన్ను మొత్తం తిరుగుతుంది, కంటి అడుగు నుంచి తిరిగొచ్చే ఎర్ర వెలుగు పోతుంది, కార్నియా (కంటి ముందు పారదర్శక పొర) ముడతలు పడుతుంది. తెర మీద కన్ను మధ్య నుంచి జారుతుంటే, కొనను కాదు, ఇన్సిషన్ దగ్గర ఎటు ఒత్తుతున్నారో చూసుకోండి.

రెక్సిస్

రెక్సిస్ అంటే క్యాప్సూల్ ముందు పొరను గుండ్రంగా చింపడం. మొత్తం సమయంలో మూడో వంతు దీనికే పోవాలి, పోనివ్వండి. 6 మి.మీ. కృత్రిమ లెన్సు అంచు చుట్టూ కప్పాలంటే వృత్తం 5 నుంచి 5.5 మి.మీ. ఉండాలి.

విస్కో నింపేటప్పుడు ముందు క్యాప్సూల్ ఉబ్బు తగ్గి చదునయ్యేదాకా నింపండి. ఉబ్బుగా ఉన్న క్యాప్సూల్ మీద చీలిక కొండ దిగినట్టు అంచుకు జారిపోతుంది. సిస్టటోమ్ (కొన వంచిన సూది)తో మధ్యలో గుచ్చి, పక్కకు లాగి, ఒక చిన్న చెవి (చిరిగిన పొర ముక్క) లేపి తిరగేయండి. సూది లోతుకు పోయి కార్టెక్స్ (శుక్లం పైనున్న మెత్తటి భాగం)ను గీకితే తెల్లటి పొడి లేచి చూపు పోతుంది, మెషీన్ మార్కులు కోస్తుంది. ఫోర్సెప్స్‌తో చీలిక మొదలు దగ్గరే పట్టుకోండి. గడియారం ముఖం లెక్కన ప్రతి 2 లేదా 3 గంటల దూరానికి వదిలి మళ్లీ పట్టుకోవాలి. ఒక్క పట్టుతో అర్ధవృత్తం తిప్పాలనుకున్న చోటే ఎక్కువమంది పోగొట్టుకుంటారు. వదిలేటప్పుడు చెవిని క్యాప్సూల్ మీద మడిచి పడుకోబెట్టండి, గాల్లో వదిలితే తిరిగి పట్టుకోవడానికే నిమిషం పోతుంది.

వృత్తం పారిపోతున్న క్షణంలో ఏం జరుగుతుందో తెర మీద దగ్గరగా చూడండి. చీలిక అంచు ముందు వంపుగా ఉంటుంది, ఉన్నట్టుండి నిటారుగా మారుతుంది. ఆ నిటారు గీత కనిపించగానే ఆగాలి. చాలామంది ఆగరు. ఇంకాస్త లాగితే లోపలికి వస్తుందని మధ్యలోకి లాగుతారు, అది ఇంకా బయటికి పోతుంది. ఆగి, చెవి వదిలి, విస్కో మళ్లీ నింపండి. చాంబర్‌లో ఒత్తిడి తగ్గడమే చాలాసార్లు అసలు కారణం. అప్పటికీ రాకపోతే లిటిల్ పద్ధతి: మడిచిన చెవిని విప్పి, చింపక ముందు ఉన్నట్టు చదునుగా పరవండి. మొదలు దగ్గర పట్టుకుని, క్యాప్సూల్ తలంలోనే, వచ్చిన దారిన వెనక్కి లాగి బిగి తెప్పించండి. ఆ బిగి వదలకుండా మధ్యకు లాగండి. పైకి ఎత్తకూడదు. సిమ్యులేటర్‌లో కావాలని పారనిచ్చి, ఇలా వెనక్కి తేవడం పదిసార్లు చేయండి. స్కోరు పాడవుతుందని ఎవరూ చేయరు, కానీ యంత్రం విలువ ఉన్నదే ఇక్కడ. దీనికోసం స్కోర్లు లెక్కకు రాని వేరే లాగిన్ ఒకటి పెట్టుకోండి.

తెల్ల శుక్లానికి సాధన చేసేటప్పుడు ఎర్ర వెలుగు లేని లెవెల్ ఎంచుకోండి. నిజం కంట్లో లోపల ద్రవం ఒత్తిడితో ఉంటుంది. 0.06 శాతం ట్రిపాన్ బ్లూతో రంగు వేసి, గుచ్చగానే పాలు బయటికొస్తే 26 గేజ్ సూదితో లాగేసి, ముందు చిన్న వృత్తం, తర్వాత పెద్దది చేస్తారు. ఈ వరుస సిమ్యులేటర్ సెషన్‌లోనే పైకి చెప్పుకుంటూ చేస్తే ఓటీలో తడుముకోరు.

ఇంకో చిక్కు మన దగ్గరే ఎక్కువ. చేతికి 5 మి.మీ. అలవాటైపోతే ఎస్ఐసీఎస్‌లో దెబ్బతింటారు. గట్టి న్యూక్లియస్ (శుక్లం నడిమి భాగం) చాంబర్‌లోకి రావాలంటే వృత్తం 6 నుంచి 6.5 మి.మీ. ఉండాలి, లేకపోతే అంచుకు రిలాక్సింగ్ కోతలు పెట్టాలి. చిన్న వృత్తంలోంచి బలవంతంగా తిప్పితే జోన్యూల్స్ (లెన్సును పట్టి ఉంచే సన్నటి దారాలు) తెగుతాయి. అందుకని చివరి నాలుగు సెషన్లలో రెండు సైజులూ మార్చి మార్చి చేయండి.

గాడి, చీల్చడం

డివైడ్ అండ్ కాంకర్‌లో, అంటే న్యూక్లియస్‌లో గాడి తీసి ముక్కలుగా చీల్చే పద్ధతిలో, తప్పులు రెండే. గాడి లోతు చాలకపోవడం, పనిముట్లను గాడి పైభాగంలో పెట్టి చీల్చబోవడం. గాడి వెడల్పు కొనకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. మధ్యలో లోతు కొన వెడల్పుకు రెండున్నర, మూడు రెట్లు ఉండాలి, అంచుల దగ్గర తక్కువ. అడుగున ఎర్ర వెలుగు పెరుగుతుంటే చాలు, ఆపండి. ముందుకు నెట్టేటప్పుడే 3, వెనక్కి తెచ్చేటప్పుడు 1 లేదా 2. గాడికి వ్యాక్యూమ్ (పీల్చే బలం) తక్కువ, సుమారు 30 నుంచి 60 మి.మీ. పాదరసం. ముక్కలు లాగేటప్పుడు 250 పైన. ముక్క పట్టు వదలగానే చాంబర్ ఒక్కసారి కుంగుతుంది. చివరి ముక్క దగ్గర పొర చిరగడానికి ఇదే పెద్ద కారణం. అక్కడ వ్యాక్యూమ్ తగ్గించి, రెండో పనిముట్టును కొన కింద అడ్డం పెట్టండి.

టనెల్

క్యాంపు ఆపరేషన్లలో బండి నడిపించేది ఎస్ఐసీఎస్. అందులో తెల్లగుడ్డు గోడలోంచి కంట్లోకి తీసే దారే టనెల్, ఫేకో సిమ్యులేటర్ మీద అది రాదు. హ్యాప్టిక్ యంత్రం అందుబాటులో ఉన్న చోటికి వారం పాటు పంపించగలిగితే పంపండి. కొలతలు ముందే నోటికి వచ్చి ఉండాలి: లింబస్ (కార్నియా, తెల్లగుడ్డు కలిసే అంచు)కు 1.5 నుంచి 2 మి.మీ. వెనక, 6 నుంచి 7 మి.మీ. ఫ్రౌన్ (ముడుచుకున్న పెదవుల వంపు) కోత, స్క్లెరా (తెల్లగుడ్డు గోడ) మందంలో సగం లోతు, క్లియర్ కార్నియాలోకి 1 నుంచి 1.5 మి.మీ. లోపలి ద్వారం బయటి దానికన్నా వెడల్పు. క్రెసెంట్ బ్లేడు సరైన పొరలో ఉంటే స్క్లెరా కింద లీలగా కనిపిస్తుంది. మరీ స్పష్టంగా కనిపిస్తే పైకి వచ్చింది, బొత్తాం రంధ్రం పడుతుంది. అస్సలు కనిపించకపోతే లోతుకు పోయింది, ముందే చాంబర్‌లోకి దూసుకుపోతుంది. లింబస్ దగ్గర వంపు మారుతుంది, బ్లేడు మడమ దించి కొన ఎత్తాలి. ఈ ఒక్క కదలికా పట్టుబడితే మిగతాది వచ్చేస్తుంది.

వెట్ ల్యాబ్‌కు మేక కళ్లు తెచ్చుకుంటే, కోసిన రోజే ఐస్ మీద తెచ్చి అదే రోజు వాడాలి, మర్నాటికి కార్నియా మబ్బేస్తుంది. మేక క్యాప్సూల్ ముసలివాళ్ల క్యాప్సూల్ కన్నా బాగా సాగుతుంది, దాని మీద రెక్సిస్ రాలేదని దిగులు వద్దు. టనెల్‌కు, కుట్లకు మాత్రం దానికి సాటి లేదు. టమాటా తొక్క మీద రెక్సిస్ కూడా పనికొచ్చే సాధనే.

మాట కూడా సాధన చేయాలి, ఇది నవ్వులాట కాదు. ఓటీలో బ్లాక్ (కంటికి మాత్రమే ఇచ్చే మత్తు) కింద పడుకున్నది ప్లాస్టిక్ తల కాదు. "అవ్వా, కాళ్ల దిక్కు చూడు. దగ్గొస్తే ముందే చెప్పు, తల కదిలియ్యకు" అని చెబుతూనే చెయ్యి ఆగకుండా ఉండాలి. సిమ్యులేటర్ మీద చివరి పాఠాలు ఇలా మాట్లాడుతూనే చేయించండి. మొదటిసారి అందరికీ స్కోరు పడిపోతుంది.

ఎంతసేపు, ఎంత స్కోరు

సెషన్ 40 నిమిషాలు, పది నిమిషాలు విరామం, రోజుకు రెండుకు మించొద్దు. ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం కన్నా వారంలో మూడు రోజులు గంట చొప్పున మేలు. నైట్ డ్యూటీ దిగి వచ్చినవాళ్లను కూర్చోబెట్టొద్దు. ఆదిలాబాద్, నిజామాబాద్ లాంటి దూరం నుంచి వచ్చేవాళ్లకు రెండేసి రోజుల బ్లాకులు, మధ్యలో రెండు వారాల ఎడం పెట్టండి. పీజీలో జిల్లా రెసిడెన్సీకి మూడు నెలలు పోతాయి. ఆ పోస్టింగుకు ముందు మొదటి విడత పూర్తి చేసి, తిరిగి రాగానే ఒక పూట మళ్లీ పరీక్షించండి.

ఐసీ మీద డెన్మార్క్ పరిశోధకులు ఏడు పాఠాల పరీక్ష తయారు చేసి, 700కు 600 పాస్ మార్కుగా పెట్టారు. మీరూ అదే పెట్టుకోవచ్చు, కానీ రెండుసార్లు వరసగా రావాలి. ఒకసారి వచ్చింది అదృష్టం కావచ్చు. మొత్తం స్కోరుతో పాటు కోతలు ఎక్కడ పడ్డాయో చూడండి. ఒక పాఠంలో 100కు 90 వచ్చి, అందులో కార్నియాకు తగిలిన మార్కులే ప్రతిసారీ పోతుంటే పాస్ చేయొద్దు. నెమ్మదిగా చేసినందుకు పోయిన మార్కులను మాత్రం మొదట్లో పట్టించుకోనక్కర్లేదు, వేగం దానంతట అదే వస్తుంది.

ఓటీలోకి

కేసులు ఇచ్చేటప్పుడు వెనక నుంచి ముందుకు రండి. ముందు విస్కో కడగడం, తర్వాత లెన్సు పెట్టడం, తర్వాత కార్టెక్స్, ఆ తర్వాత రెక్సిస్, చివరికి న్యూక్లియస్. ఒక్కో మెట్టు మీద ఐదారు కేసులు బాగా వచ్చాకే పై మెట్టు. సీనియర్ "ఇవ్వు నాకు" అనగానే చెయ్యి తీసేయాలన్న ఒప్పందం ముందే ఉండాలి. "ఒక్క నిమిషం సార్" అనడం ఉండదు.

ప్రతి కేసూ రికార్డు చేయండి. ఓటీలో రెక్సిస్ పారిన రోజు సాయంత్రం, కుదరకపోతే మర్నాడు, వీడియోలో అది ఏ గంట దగ్గర పారిందో గుర్తించి, సిమ్యులేటర్ మీద ఆ గంట దగ్గరే పట్టు మార్చి పదిసార్లు చేయించండి. మూడు కేసుల్లో ఒకే గంట దగ్గర పారితే రెక్సిస్ పాఠం పక్కన పెట్టండి. ముందు కుర్చీ ఎత్తు, మణికట్టు ఆనిన చోటు మళ్లీ చూడండి.